ట్యూబ్‌లైటుకు తొందర పనికిరాదు

మనిషి అలికిడికి వెలిగి, మనిషి వెళ్లగానే ఆరిపోయే దీపాలు కరెంటు ఆదా చేస్తాయన్న మాట నిజమే. కానీ పాత ట్యూబుకు కొత్త సెన్సర్ తగిలిస్తే బిల్లులో మిగిలింది కాస్తా ఎలక్ట్రికల్ షాపుకు చేరుతుంది. వెంట పాదరసం చెత్త అదనం.

చెప్పింది ఆలస్యంగా బుర్రకెక్కేవాణ్ని 'ట్యూబ్‌లైట్' అని ఆటపట్టించడం తెలుగు కాలేజీ క్యాంటీన్లలో ఏనాటి నుంచో ఉన్నదే. స్విచ్ వేశాక రెండు మూడుసార్లు మిణుకుమని, స్టార్టర్ టిక్కుటిక్కుమన్న తర్వాత తీరిగ్గా వెలిగే దీపం ఆ పేరు ఊరికే తెచ్చుకోలేదు. అలాంటి నింపాది దీపానికి క్షణం కూడా ఆగలేని మోషన్ సెన్సర్‌ను జత చేస్తే ఏమవుతుంది? అపార్ట్‌మెంట్ల మెట్ల దగ్గర, సెల్లార్ పార్కింగుల్లో, ఆఫీసుల బాత్రూముల్లో దేశమంతటా ఈ ప్రయోగం జరిగింది. చాలాచోట్ల ఫలితం ఒక్కటే. కరెంటు బిల్లు కొంత తగ్గింది, నిచ్చెనెక్కి ట్యూబులు మార్చే పని పెరిగింది. కొన్నాళ్లకు విసుగెత్తిన వాచ్‌మన్ సెన్సర్ వైర్లు పీకి, దీపాన్ని నేరుగా స్విచ్చుకు కలిపేశాడు.

తప్పు సెన్సర్‌ది కాదు, ట్యూబుదీ కాదు. ఒకదాని స్వభావం తెలియకుండా మరొకదాన్ని దానికి ముడిపెట్టడంలోనే ఉంది. దేశంలో ట్యూబుల శకం ముగింపుకొస్తున్నా ఈ లెక్క తెలుసుకోవలసిన అవసరం మాత్రం తీరలేదు. ఎందుకంటే ఇప్పుడు ఎల్‌ఈడీలకూ, సెల్‌ఫోన్‌తో నడిచే స్మార్ట్ స్విచ్‌లకూ మధ్య అదే తగువు వేరే రూపంలో నడుస్తోంది.

వెలిగినప్పుడల్లా ఒక గాటు

1938లో అమెరికాలో మార్కెట్‌కు వచ్చిన ఫ్లోరసెంట్ దీపం పనిచేసే తీరు మామూలు బల్బుకు పూర్తిగా భిన్నం. గాజు గొట్టంలో కొద్దిపాటి పాదరసం ఆవిరి ఉంటుంది. రెండు చివర్లా ఉన్న ఫిలమెంట్ల మీద బేరియం, స్ట్రాన్షియం, కాల్షియం ఆక్సైడ్ల పూత ఉంటుంది. ఎలక్ట్రాన్లను వెదజల్లేది ఆ పూతే. గొట్టంలో విద్యుత్తు ప్రవహించినప్పుడు పాదరసం ఆవిరి కంటికి కనపడని అతినీలలోహిత కాంతినిస్తుంది. గాజు లోపలి తెల్లని పూత దాన్ని వెలుగుగా మారుస్తుంది. గొట్టంలో ప్రవాహం మొదలుకావడానికి ఎక్కువ వోల్టేజీ దెబ్బ కావాలి, మొదలయ్యాక దానికి కళ్లెం వేయాలి. ఈ రెండు పనులూ చేసేది చోక్.

దీపం వెలిగిన ప్రతిసారీ ఫిలమెంట్ల మీది పూత కొంత రాలిపోతుంది. వాడిన ట్యూబు చివర్లు నల్లబడేది అందుకే. పూత అయిపోతే ట్యూబు ఆయుష్షు తీరినట్టే. ట్యూబు డబ్బాపై రాసే గంటల లెక్క కూడా దీనితో ముడిపడినదే. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఆయుష్షు పరీక్షలో దీపాన్ని 2 గంటల 45 నిమిషాలు వెలిగించి, 15 నిమిషాలు ఆర్పుతారు. అంటే రోజుకు ఎనిమిది స్టార్టులు. ఈ లెక్కన 10,000 గంటలు మన్నే ట్యూబు తన జీవితకాలంలో చూసేది దాదాపు 3,600 స్టార్టులు.

ఇప్పుడు ఓ నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు మెట్లను ఊహించుకోండి. సాయంత్రం ఆరు నుంచి మర్నాడు ఉదయం ఆరు దాకా 60 సార్లు ఎవరో ఒకరు ఎక్కుతూ దిగుతూ ఉన్నారనుకుందాం. సెన్సర్ ఒక్కోసారి మూడు నిమిషాలు దీపం వెలిగిస్తుంది. రాత్రికి వెలుగు మూడే గంటలు, స్టార్టులు మాత్రం 60. రెండు నెలలు తిరక్కుండానే 3,600 స్టార్టులు పూర్తవుతాయి. అప్పటికి ట్యూబు వెలిగింది 180 గంటలే. వెలిగే గంటల వల్ల జరిగే అరుగుదల తక్కువ కాబట్టి ట్యూబు ఇంకొన్నాళ్లు లాగవచ్చు. కానీ డబ్బా మీది పదివేల గంటల మాట మాత్రం మరచిపోవలసిందే.

సీఎఫ్‌ఎల్‌ల సంగతి ఇంకా విడ్డూరం. పూర్తి వెలుగు అందుకోవడానికి వాటిలో చాలావాటికి నిమిషం దాకా పడుతుంది. మెట్లెక్కే మనిషి ఇంట్లోకి వెళ్లి తలుపేసుకున్నాక దీపం నిండుగా వెలుగుతుంది. ఆ వెంటనే సెన్సర్ దాన్ని ఆర్పేస్తుంది.

రెండు అపోహలు

దీపాలు ఆర్పడం గురించి ఇళ్లలో రెండు వాదనలు వినిపిస్తాయి. ట్యూబ్‌లైటు వెలిగేటప్పుడు బోలెడు కరెంటు లాగుతుంది కనుక ఆర్పకుండా ఉంచడమే లాభమన్నది ఒకటి. ఇది ఉత్త అపోహ. స్టార్టింగులో ఎక్కువ కరెంటు లాగేది సెకనులో చిన్న భాగం మాత్రమే. ఆ ఖర్చు దీపం కొన్ని సెకన్లు వెలిగితే అయ్యే ఖర్చుకు మించదు. కరెంటు ఒక్కటే లెక్కయితే గది దాటిన ప్రతిసారీ ఆర్పేయడమే మంచిది.

ఎన్నిసార్లు ఆర్పితే అంత ఆదా అన్నది రెండో వాదన. ఇదీ సగమే నిజం. లెక్కలో ట్యూబు ధర, మార్చే కూలి, పాదరసం చెత్త కూడా కలపాలి. అన్నీ చూసుకుని అమెరికా ఇంధన శాఖ సీఎఫ్‌ఎల్‌లకు ఒక బండ గుర్తు చెప్పింది. పావుగంట లోపు తిరిగొచ్చేట్టయితే వెలగనివ్వండి, అంతకంటే ఎక్కువసేపు పోతే ఆర్పండి. సెన్సర్‌కు ట్యూబు కలిపినా దానికి పెట్టవలసిన గడువు అదే, పావుగంట.

చిక్కంతా అక్కడే ఉంది. పై అపార్ట్‌మెంటులో సెన్సర్ గడువును మూడు నిమిషాల నుంచి పావుగంటకు పెంచితే ట్యూబు బతుకుతుంది. కానీ రాత్రికి 60 మంది తిరిగే మెట్ల మీద, పైగా ఎక్కువమంది రాత్రి పదింటి లోపే వచ్చిపోయేచోట, దీపం ఆరే అవకాశం అర్ధరాత్రి దాకా పెద్దగా రాదు. గడువు తగ్గిస్తే ట్యూబు పోతుంది, పెంచితే ఆదా పోతుంది.

నియమావళి చెప్పిందేమిటి?

మరి సెన్సర్లు ఎక్కడ పనికొస్తాయి? ఇంధన సామర్థ్య బ్యూరో (బీఈఈ) 2007లో తెచ్చిన ఇంధన పొదుపు భవన నియమావళి (ఈసీబీసీ) దీనికి అప్పట్లోనే సూటిగా జవాబిచ్చింది. 500 చదరపు మీటర్లకు మించిన భవనాల్లో లోపలి దీపాలకు ఆటోమేటిక్ నియంత్రణ ఉండాలంది. వాటిలో 30 చదరపు మీటర్ల లోపు ఆఫీసు గదులు, సమావేశ మందిరాలు, తరగతి గదులు, స్టోర్ రూముల్లో మనుషుల ఉనికిని కనిపెట్టే సెన్సర్లు పెట్టాలని నిర్దేశించింది. మనిషి వెళ్లిన 30 నిమిషాల్లోగా దీపం ఆరాలన్నది షరతు.

ఈ జాబితాను జాగ్రత్తగా చూస్తే అసలు కిటుకు అర్థమవుతుంది. ఇవన్నీ మనుషులు నిమిషానికోసారి వచ్చిపోయే చోట్లు కావు. కాసేపు నిండుగా, ఆ తర్వాత గంటల తరబడి ఖాళీగా ఉండే గదులు. మీటింగు ముగిశాక దీపాలు ఆర్పడం ఎవరి బాధ్యతా కాదు కనుక అవి సాయంత్రం దాకా వెలుగుతూనే ఉంటాయి. అరగంట గడువిచ్చినా అక్కడ మిగిలేది గంటల వెలుగు, పడేది రోజుకు నాలుగైదు స్టార్టులు. ట్యూబుకు అది లెక్కలోది కాదు. అదే సెన్సర్‌ను మెట్ల దగ్గర, నడవాల్లో రెండు మూడు నిమిషాల గడువుతో పెట్టినవారే దెబ్బతిన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014 జనవరిలో ఈ నియమావళిని రాష్ట్రానికి అన్వయించుకుని పెద్ద వాణిజ్య భవనాలకు వర్తింపజేసింది. అపార్ట్‌మెంట్ల మెట్లు మాత్రం ఎలక్ట్రీషియన్ ఇష్టానికే మిగిలాయి.

ట్యూబును వదులుకోలేని చోట ఎంచుకోవలసింది చోక్‌ను. చౌక ఎలక్ట్రానిక్ చోక్‌లలో చాలావరకు ఫిలమెంటును వేడి చేయకుండానే ఒక్కసారిగా హై వోల్టేజీ కొట్టి దీపం వెలిగిస్తాయి. స్విచ్ వేయగానే భగ్గుమంటుంది కనుక కొనేవారికి అదే నచ్చుతుంది. పూతను వేగంగా తినేసేదీ అదే. 'ప్రోగ్రామ్డ్ స్టార్ట్' రకం చోక్ ముందు ఫిలమెంటును సెకను దాకా వేడెక్కించి, ఆ తర్వాతే వోల్టేజీ ఇస్తుంది. సెన్సర్లతో కలిపి వాడటానికి తగినది అదొక్కటే. ఖరీదు ఎక్కువ కావడంతో మన వీధి చివరి షాపుల్లో అది కనిపించడం అరుదు.

తీగ ఒకటి తక్కువ

ఆయుష్షు సమస్య ఒకటైతే స్విచ్ లోపలి సమస్య మరొకటి. ఇంటి దీపాలను దూరం నుంచి నడిపే సరంజామాలో తొలితరానికి చెందిన ఎక్స్10 పరిజ్ఞానాన్ని 1975లో స్కాట్లండ్‌లోని ఒక కంపెనీ రూపొందించింది. 1978లో అది అమెరికా దుకాణాలకు చేరింది. ఇంట్లోని కరెంటు తీగల మీదుగానే సంకేతాలు పంపడం దాని పద్ధతి. అప్పటి ఇళ్లలో వెలిగేవి ఎక్కువగా మామూలు ఫిలమెంటు బల్బులు కనుక దాని దీపాల మాడ్యూళ్లను వెలుగు తగ్గించే డిమ్మర్లుగానే తయారుచేశారు. వాటికి ఫ్లోరసెంట్ దీపం తగిలిస్తే మిణుకుమిణుకుమనేది, రొద చేసేది, చివరికి ఏదో ఒకటి కాలిపోయేది. అలాంటి దీపాలకు ట్రయాక్ బదులు రిలేతో పనిచేసే వేరే మాడ్యూల్ వాడాలని తెలుసుకోవడానికి చాలామంది చేతులు కాల్చుకోవలసి వచ్చింది.

ఎక్స్10 కాలం గడిచినా ఆ గుణపాఠం పాతబడలేదు. మన ఇళ్లలో స్విచ్ దగ్గరికి వచ్చేది ఫేజు తీగే, న్యూట్రల్ నేరుగా దీపానికి వెళ్తుంది. మామూలు స్విచ్‌కు ఇది చాలు. కానీ సెన్సర్, స్మార్ట్ స్విచ్ నిత్యం మేలుకుని ఉండాలి, వాటికీ కరెంటు కావాలి. న్యూట్రల్ లేని చోట అవి దీపం గుండానే సన్నని ధారగా కరెంటు తీసుకుంటాయి. ఫిలమెంటు బల్బు ఆ ధారను పట్టించుకోదు. ఎలక్ట్రానిక్ చోక్, సీఎఫ్‌ఎల్, ఎల్‌ఈడీ మాత్రం దాన్ని తమలోని కెపాసిటర్‌లో కూడబెట్టి, ఉండుండి ఒక్కసారి మిణుకుమంటాయి. స్విచ్ ఆపినా అర్ధరాత్రి దయ్యంలా మెరిసే దీపం రహస్యం ఇదే.

ఈ విషయంలో భారతీయ ఇళ్లకు ఒక సౌలభ్యం ఉంది. మన స్విచ్ బోర్డుల్లో చాలావాటికి ఓ 5 ఆంప్స్ సాకెట్ కూడా ఉంటుంది. సాకెట్ కోసం న్యూట్రల్ ఎలాగూ బోర్డులోకి వచ్చేసి ఉంటుంది. ఇబ్బంది వచ్చేది సాకెట్ లేని చోట్లే. మంచం పక్క స్విచ్, మెట్ల కింద ఒకటి పైన ఒకటి ఉండే టూవే స్విచ్ అలాంటివి. సెన్సర్ ఎక్కువగా పెట్టాలనుకునేదీ మెట్ల దగ్గరే. కొత్త ఇల్లు కట్టుకునేవారు ప్రతి స్విచ్ పెట్టెలోకీ న్యూట్రల్ తీగ లాగించుకుంటే అప్పుడయ్యే ఖర్చు స్వల్పం. గోడలు పూర్తయ్యాక అదే పనికి సుత్తి పట్టుకోవాలి.

మూడో చిక్కు రిలేది. ఎలక్ట్రానిక్ చోక్‌లోనూ, ఎల్‌ఈడీ డ్రైవర్‌లోనూ ఉండే కెపాసిటర్ స్విచ్ వేసిన క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. మిల్లీ సెకను కూడా ఉండని ఆ ఉప్పెనకు చిన్న రిలే లోపలి కాంటాక్టులు అతుక్కుపోతాయి. ఇక ఆ దీపం ఎప్పటికీ ఆరదు. ఒకే సెన్సర్‌కు సెల్లార్‌లోని పది ట్యూబులూ కలిపేస్తే జరిగేది అదే. డబ్బా మీద మామూలు బల్బులకు ఎన్ని వాట్లు, ఫ్లోరసెంట్, ఎల్‌ఈడీలకు ఎన్ని వాట్లు అని విడివిడిగా రాసి ఉంటుంది. రెండో అంకె మొదటిదానికంటే బాగా తక్కువ. చదవవలసింది దాన్నే. పవర్‌కట్ల రోజుల్లో కొన్న స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఇంకా ఇంట్లో ఉంటే చౌకరకం సెన్సర్లు, స్మార్ట్ స్విచ్‌లను దాని లైనుకు కలపకపోవడమే మేలు.

రోహిణి కార్తెలో సెన్సర్

వాతావరణం సంగతీ మరువకూడదు. ఇళ్లలో ఎక్కువగా వాడే పీఐఆర్ సెన్సర్ మనిషిని చూడదు, మనిషి ఒంటి వేడిని పసిగడుతుంది. చుట్టూ ఉన్న గోడలకూ ఒంటికీ మధ్య వేడిలో తేడా ఉండి, ఆ వేడి కదిలితేనే దానికి తెలుస్తుంది. మన చర్మం వేడి దాదాపు 33 నుంచి 35 డిగ్రీలు. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల మే నెలలో పగలంతా కాగిన గోడలు రాత్రి కూడా అంతే వేడిగా ఉంటాయి. అప్పుడు సెన్సర్‌కు మనిషీ గోడా ఒకటే. జనవరిలో అయిదు మీటర్ల దూరం నుంచే గుర్తించినది మే నెలలో దగ్గరికి వచ్చి చేతులాడిస్తే గానీ వెలగకపోవచ్చు.

కదలకుండా కూర్చున్న మనిషి కూడా పీఐఆర్ దృష్టిలో లేనట్టే. బాత్రూములో చీకట్లో చేతులూపవలసిన దుస్థితి అందువల్లే. శబ్ద తరంగాలతో పనిచేసే అల్ట్రాసోనిక్ రకం కొద్దిపాటి కదలికనూ పట్టేస్తుంది కానీ, సీలింగ్ ఫ్యానును చూసి కూడా మనిషే అనుకునే ప్రమాదముంది. మైక్రోవేవ్ రకం పలుచని గోడ అవతలి మనిషికీ దీపం వెలిగిస్తుంది. ఏ చోటికి ఏది నప్పుతుందో చూసుకోకుండా కొనే సెన్సర్ అలంకారప్రాయమే.

ముందు దీపం, తర్వాతే స్విచ్

ఇక డబ్బు లెక్క. 36 వాట్ల ట్యూబు, పాత ఇనప చోక్ కలిసి దాదాపు 50 వాట్లు తీసుకుంటాయి. మెట్ల మీద రాత్రికి 12 గంటలు వెలిగితే నెలకు 18 యూనిట్లు. సెన్సర్ పెట్టి మూడు గంటలకు కుదిస్తే 4.5 యూనిట్లు. మిగిలేది 13.5 యూనిట్లు, యూనిట్ ఆరు రూపాయలనుకుంటే నెలకు 81 రూపాయలు. అందులోంచి రెండు మూడు నెలలకో ట్యూబు, మార్చే కూలి, సెన్సర్ ధర తీసేయాలి.

సెన్సర్ జోలికి పోకుండా ట్యూబు స్థానంలో 20 వాట్ల ఎల్‌ఈడీ పట్టీ బిగిస్తే? రాత్రంతా వెలిగినా నెలకు 7.2 యూనిట్లే. అంటే 10.8 యూనిట్లు దీపం మార్చడంతోనే మిగిలాయి. ఆ తర్వాత సెన్సర్ పెడితే మరో 5.4 యూనిట్లు తగ్గుతాయి. ఎన్నిసార్లు వెలిగించినా ఎల్‌ఈడీలో రాలిపోయే పూత ఏదీ ఉండదు. వెలగడానికి వ్యవధీ అక్కర్లేదు. సెన్సర్‌కు సరిజోడు అదే.

అయితే ఇక్కడా ఓ మెలిక ఉంది. స్మార్ట్ స్విచ్ తాను మేలుకుని ఉండటానికి ఒక వాటు తీసుకుంటుందనుకుంటే నెలకు 0.72 యూనిట్లు. రోజుకు గంటసేపు వెలిగే 9 వాట్ల స్టోర్‌రూమ్ బల్బు నెలకు వాడేది 0.27 యూనిట్లు. దీపం కంటే దాన్ని కాపలా కాసే స్విచ్ ఎక్కువ తింటుందన్నమాట. సౌకర్యం కోసమైతే పెట్టుకోవచ్చు, ముసలివాళ్లున్న ఇంట్లో రాత్రిపూట దానంతటదే వెలిగే దీపం ప్రాణరక్షణే. పొదుపు పేరు మాత్రం దానికి చెల్లదు.

మిగిలింది పాదరసం

ప్రభుత్వ పథకాలు కూడా దీపం మార్చడం మీదే దృష్టి పెట్టాయి. 2009లో మొదలైన బచత్ ల్యాంప్ యోజన మామూలు బల్బు తెచ్చినవారికి 15 రూపాయలకే సీఎఫ్‌ఎల్ ఇచ్చింది. 2015 జనవరిలో ప్రారంభమైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు పంపిణీ అయ్యాయి. 2014లో 310 రూపాయలున్న బల్బు టోకు ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగివచ్చింది. అదే పథకం కింద వెళ్లిన ఎల్‌ఈడీ ట్యూబులు మాత్రం 72 లక్షలే. బల్బు హోల్డరులో బల్బు మార్చినంత తేలిక కాదు ట్యూబు పట్టీ మార్చడం.

పాదరసంపై మినమాటా ఒప్పందానికి భారత్ 2018లో ఆమోదం తెలిపింది. సభ్య దేశాలు 2022, 2023 సమావేశాల్లో ఫ్లోరసెంట్ దీపాల తయారీ, ఎగుమతి, దిగుమతులకు వరుసగా గడువులు పెట్టాయి. చోక్ లోపలే ఉండే మామూలు సీఎఫ్‌ఎల్‌లకు 2025, పాతరకం ట్యూబులకు 2026, మిగతా ట్యూబులకు 2027. కొత్తవి రావడం ఆగినా గోడల మీద ఉన్నవి ఒక్కొక్కటిగా చెత్తబుట్టకు చేరుతూనే ఉంటాయి. వాటిలో ఎంత పాదరసం ఉందన్నది తేలికగా తీసుకునే సంగతి కాదు. ఢిల్లీకి చెందిన టాక్సిక్స్ లింక్ సంస్థ 2011లో మార్కెట్లోని సీఎఫ్‌ఎల్‌లను పరీక్షిస్తే సగటున ఒక్కోదాంట్లో 21 మిల్లీగ్రాముల పాదరసం బయటపడింది. ఐరోపా అప్పట్లో విధించిన పరిమితి అయిదు మిల్లీగ్రాములు.

2016 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలు పాదరసం దీపాలను కూడా తమ పరిధిలోకి తెచ్చి, వెనక్కి సేకరించే బాధ్యతను తయారీదారులపై పెట్టాయి. కానీ ఇళ్ల నుంచి పోయే ట్యూబు చేరేది ఎక్కువగా మున్సిపల్ బండిలోకే. గాజు పగలగానే ఆవిరి గాలిలో కలుస్తుంది. దాన్ని పీల్చేది చెత్త ఏరుకునేవాళ్లు. సెన్సర్ ధాటికి మూడు నెలలకోసారి పోయిన ప్రతి ట్యూబూ ఈ లెక్కలోకి వస్తుంది. ఇంట్లో ట్యూబు పగిలితే కిటికీలు తెరిచి కాసేపు బయటికి పోవాలి. ముక్కలను చీపురుతో ఊడవకుండా అట్టముక్కతో ఎత్తి మూతబిగించిన డబ్బాలో వేయాలి. పోయిన ట్యూబును విరగ్గొట్టకుండా పాత డబ్బాలోనే ఉంచి ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వాలి.

మెట్ల దగ్గర ఇంకా ట్యూబే ఉంటే అపార్ట్‌మెంటు సంఘం తీసుకోవలసిన నిర్ణయం సులువే. ముందు ఎల్‌ఈడీ పట్టీ, తర్వాత న్యూట్రల్ తీగ, ఆఖరున ఎల్‌ఈడీ లోడుకు తగిన రిలే ఉన్న సెన్సర్. ఈ వరుస తిరగబడినచోట ఆదా అయ్యేది నెలకు 81 రూపాయలు. దానికి మూల్యం చెల్లించేది మాత్రం ఆ మెట్లు ఎప్పుడూ ఎక్కని మనిషి.